షంషుద్దీన్ డ్రైవరు కోపం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు ఒక బస్సు నడిచేది. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన నీలిరంగు బస్సు. పొద్దున్నే పులివెందులలో బయల్దేరి, ముద్దనూరు రైలు గేటు దాటి, పెన్న దాటి, జమ్మలమడుగులో కాసేపు ఆగి ప్రొద్దుటూరు చేరేది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక అదే దారిన వెనక్కి వచ్చేది. లోపల చెక్క బల్లలు, కిటికీలకు గుడ్డ తెరలు. ప్రొద్దుటూరులో పెళ్లి నగలు చేయించుకొచ్చే ఆడవాళ్లు ఒళ్లోని మూటను రెండు చేతులా పట్టుకుని కూర్చునేవారు. ఆ చేతుల బిగువును బట్టే ఎవరింట్లో పెళ్లో మిగతావాళ్లు పోల్చుకునేవారు. దిగేలోపు పెళ్లికి పిలుపు కూడా అందేది.

ఆ బస్సుకు డ్రైవరు షంషుద్దీన్. పొడుగాటి మనిషి, మెడ చుట్టూ ఎర్రగళ్ల తువ్వాలు. బస్సు నడపడంలో అతనికి వంక పెట్టగలిగిన వాడు ఆ దారిలో లేడు. వానకు కరిగిపోయిన బాటలోనైనా కడుపులో నీళ్లు కదలకుండా తీసుకుపోయేవాడు. వచ్చిన చిక్కల్లా నోటితోనే. బండి వాడు పక్కకు తప్పుకోకపోతే తిట్టు, ముసలివాడు మెట్టు ఎక్కడానికి ఆలస్యం చేస్తే తిట్టు, పసిబిడ్డ ఏడిస్తే ఆ బిడ్డ తల్లికి తిట్టు. "షంషుద్దీన్ బస్సు వస్తాంది" అని హారన్ కంటే ముందు అతని గొంతును విని చెప్పేవాళ్లు ముద్దనూరు జనం. ఆ మాట అని నవ్వుకునేవారే గాని, ఎక్కాక ఎవరూ నవ్వేవారు కాదు.

అతని బామ్మర్ది జిలానీ అదే బస్సులో కండక్టరు. మెత్తని పిల్లవాడు, ఇరవై దాటి ఉంటాయి. తల్లి చిన్నప్పుడే పోతే అక్క దిల్షాద్‌బీ పెంచింది. బావ అంటే భయం, దానికి మించి అభిమానం.

ఒక శనివారం తిరుగు ప్రయాణంలో ముద్దనూరు గేటు పడింది. గూడ్సు బండి ఒకటి పట్టాల మీద నిలబడిపోయి ఎంతకూ కదలలేదు. వేసవి ఎండ. ఇంజను వేడి, రేకుల వేడి. జనం ఒక్కొక్కరే దిగి తుమ్మచెట్ల నీడకు పోయారు. చివరికి గేటు లేచింది. అందరూ ఎక్కారు గాని ఒక ముసలామె ఇంకా చెట్ల చాటునుంచి రాలేదు. షంషుద్దీన్ హారన్ మీద చెయ్యి తీయకుండా అరుస్తున్నాడు.

"ముసలామె బావా, వస్తాంది. ఒక్క నిమిషం" అన్నాడు జిలానీ కిందనుంచి.

షంషుద్దీన్ తలుపు తోసుకుని దిగాడు. బస్సంతా చూస్తుండగా జిలానీ చెంప మీద కొట్టాడు.

జిలానీ భుజానికున్న టికెట్ల సంచి తీసి బానెట్టు మీద పెట్టాడు. ముసలామెకు చెయ్యి అందించి బస్సు ఎక్కించాడు. తర్వాత వెనక్కి తిరిగి, వచ్చిన దారినే జమ్మలమడుగు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. షంషుద్దీన్ పిలవలేదు. ఆ రోజు పులివెందుల దాకా టికెట్ల సంచి ముందు సీటులో కూర్చున్న విశ్వేశ్వరయ్య అనే అయివారి ఒళ్లో ఉంది.

ఇంటికి చేరేసరికి దిల్షాద్‌బీకి కబురు అంది ఉంది. బస్సు దిగినవాళ్లే చెప్పారు. ఆమె అరవలేదు, ఏడవలేదు. పళ్లెంలో సంగటి పెట్టి, పక్కన చెంబు పెట్టి, "ముందు ఆ చెయ్యి కడుక్కోండి" అంది. అంతే. ఆ తర్వాత ఆ ఇంట్లో అవసరానికి మించిన మాట లేకుండా పోయింది. వడ్డించేది, బట్టలు ఉతికేది, దీపం వెలిగించేది. మనిషి మాత్రం పక్కింట్లో ఉన్నట్టు ఉండేది. అరుపులకు అలవాటు పడ్డ షంషుద్దీన్‌కు ఆ నిశ్శబ్దం అన్నం మీద ఇసుక చల్లినట్టు ఉండేది.

విశ్వేశ్వరయ్య పులివెందుల వాడే. ప్రొద్దుటూరులో టీచర్లను తయారుచేసే ట్రైనింగు స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. వారమంతా అక్కడ ఒక గదిలో ఉండి, శనివారం ఇంటికి వచ్చి, సోమవారం పొద్దున అదే బస్సులో వెళ్లేవాడు. నలభై ఐదేళ్లు ఉంటాయి. తెల్లటి పంచె, కోటు, ముక్కుపొడుం డబ్బీ. ఎవరు తిట్టినా, ఎవరు తిట్టించుకున్నా ఆసక్తిగా చూసే మనిషి.

తరువాతి శనివారం ప్రొద్దుటూరులో బస్సు కదిలాక షంషుద్దీన్ తనే మాట కలిపాడు. ఆ వారం అతనితో మాట్లాడేవాళ్లే కరువయ్యారు.

"అయివారూ, మీరు సైకిళ్ల గురించి పాఠం చెప్తారంట గదా?"

"సైకిళ్లు కాదప్పా, సైకాలజీ. మనిషి మనసు ఎట్ల నడుస్తాదో చెప్పే చదువు."

"మనసు నడిచేదానికి చదువెందుకు? అది దాని పాటికి అది పోతాంటాది."

"పోతాది. బ్రేకులు లేకుండా పోతాది. నీకు తెల్యదా?"

షంషుద్దీన్ ముఖం మాడింది. పెన్న దగ్గర ఇసుకలో బస్సు నెమ్మదించినప్పుడు, "మా ఆడమనిషి మాట్లాడదు అయివారూ" అన్నాడు గొంతు తగ్గించి. "నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపిస్తాంది. అయినా నిన్న మళ్లా ఒగని మీద అరిచినా. ఎందుకు అరుస్తాండానో నాకే తెల్దు."

విశ్వేశ్వరయ్య కోటు జేబులోంచి డబ్బీ తీసి, పొడుం పీల్చి, తుమ్మి, చెప్పాడు. "ఒక దొర పిల్లిని పెట్టెలో పెట్టి బయట చేప పెట్టినాడంట. పిల్లి గీకింది, కరిచింది, తన్నింది. యాడనో కాలు తగిలి గడియ ఊడింది. చేప దొరికింది. మళ్లా పెడితే మళ్లా గీకులాట. పోను పోను తక్కినవన్నీ మాని నేరుగా గడియ మీదనే కాలు ఏసిందంట. ఏది చేస్తే సుఖం దొరుకుతాదో జీవికి అదే అలవాటు అయితాది. నువ్వు అరిచినప్పుడు నీకు ఎట్లుంటాది?"

షంషుద్దీన్ ఆలోచించాడు. "ఆ క్షణానికి బరువు దిగినట్లుంటాది."

"అదే నీ చేప."

బస్సులో వెనక ఎవరో నవ్వారు. షంషుద్దీన్ తల తిప్పి చూసి, మళ్లీ బాట వైపు తిరిగాడు.

ఆ రోజు విశ్వేశ్వరయ్య చెప్పిన ఉపాయం పనికి రాలేదు. కోపం వచ్చినప్పుడు నోరు మూసుకో అన్నాడాయన. షంషుద్దీన్ వారమంతా పళ్లు బిగించి నోరు మూసుకున్నాడు. తరువాతి శనివారం ముద్దనూరు దాటాక, ఉల్లిగడ్డల మూట టాపు మీద సరిగా కట్టని ఒక రైతు మీద, వారంలో తిట్టాల్సినవన్నీ కలిపి ఒక్కసారే తిట్టాడు. రైతు బిత్తరపోయాడు.

"నోరు మూస్తే కడుపులో రేడియేటరు మాదిరి కుతకుతలాడింది అయివారూ. మీ చదువు నాకు సరిపడలేదు" అన్నాడు దిగేటప్పుడు.

"తప్పు నాదేలే" అన్నాడు విశ్వేశ్వరయ్య. "మా పుస్తకాల్లోనూ అదే ఉంది. పాత అలవాటును ఊరికే మానడం కాదు, దాని జాగాలో ఇంకొకటి పెట్టాల అని. నేను పాఠం చెప్పినా గాని నీకు చెప్పలేదు."

"పాఠం చెప్పేవాళ్లు చేస్తారా? ఆ పొడుం డబ్బీ మీరు మానండి. నేను తిట్టేది మానుతా."

విశ్వేశ్వరయ్య ఉలిక్కిపడ్డాడు. ఆయన భార్య వేదవతి పదిహేనేళ్లుగా అడుగుతున్నది అదే. కాసేపు డబ్బీ వైపు చూసి, "సరే" అన్నాడు.

అలా మొదలైంది ఆ ఇద్దరి వ్యవహారం. శనివారం మధ్యాహ్నాలు, సోమవారం పొద్దున్లు ముందు సీటులో ఒకరి మీద ఒకరు నిఘా. విశ్వేశ్వరయ్య కోటు జేబులో డబ్బీ ఉండే చోట వేదవతి ఏలక్కాయల పొట్లం పెట్టింది. చెయ్యి అటు పోయినప్పుడల్లా పొట్లం తగిలేది. ఆయన నిట్టూర్చి ఒక ఏలక్కాయ నోట్లో వేసుకునేవాడు. అది చూసి షంషుద్దీన్ ముసిముసిగా నవ్వేవాడు.

షంషుద్దీన్ కోపానికి మూలం ఎక్కడో పట్టుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. "యాడ మొదలైతాదో చూడు, యాడ పేలుతాదో కాదు" అన్నాడు విశ్వేశ్వరయ్య. చూడగా చూడగా తేలిందేమిటంటే, ప్రొద్దుటూరులో అతను మంచివాడే. జమ్మలమడుగులో టీ తాగేటప్పుడు ఇంకా మంచివాడు. ముద్దనూరు గేటు మూసి ఉంటే చాలు, దవడ బిగుసుకునేది. పులివెందుల బస్టాండులో బస్సు యజమాని చేతిలో గడియారం పెట్టుకుని నిలబడి ఉంటాడు. ఆలస్యమైతే అందరి ముందూ నాలుగు మాటలంటాడు. గేటు దగ్గర కూర్చుని షంషుద్దీన్ ఆ మాటలన్నీ ముందే వినేవాడు. వాటికి జవాబులు చెప్పేవాడు. జవాబుకు మళ్లీ యజమాని ఏమంటాడో ఊహించేవాడు. గేటు లేచేసరికి మనసులో పెద్ద కొట్లాట అయిపోయి ఉండేది. దానికి దొరికింది జిలానీ చెంప.

ఈ సంగతి తన నోటితోనే బయటపడినప్పుడు షంషుద్దీన్ తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు. "అంటే వాడు నన్ను ఏమీ అనలేదు. వానికి దానికీ సంబంధమే లేదు."

"లేదు" అన్నాడు విశ్వేశ్వరయ్య.

ఆ తర్వాత గేటు పడినప్పుడు షంషుద్దీన్ ఇంజను ఆపి దిగడం మొదలుపెట్టాడు. ఎటూ రేడియేటరుకు నీళ్లు పొయ్యాలి. గేటు పక్కన బావి ఉంది. ఆ పని అయ్యాక, తడిగుడ్డ చుట్టిన కూజాలో మంచినీళ్లు తెచ్చి బస్సులో ఉన్నవాళ్లకు పోయమన్నాడు విశ్వేశ్వరయ్య. "చేతులకు పని, కంటి ముందర మనుషులు. యజమానితో కొట్లాటకు తీరిక దొరకగూడదు."

మొదటి రోజు ఎవరూ చెయ్యి చాపలేదు. షంషుద్దీన్ కూజా పట్టుకుని కిటికీ కింద నిలబడితే ఇదేదో కొత్త రకం తిట్టుకు ముందు మాట అనుకున్నారు. ఒక అవ్వ అయితే, "నీ చేతి నీళ్లు మా ఇంట్లో తాగరు నాయనా" అంది మొహమాటం లేకుండా. షంషుద్దీన్ మెడ నరాలు ఉబ్బాయి. ముందు సీటులోంచి విశ్వేశ్వరయ్య చూస్తూనే ఉన్నాడు. షంషుద్దీన్ ఊపిరి వదిలి, "అట్లయితే నీ చెంబు పట్టుకొని దిగవ్వా. నువ్వే చేదుకుందువు. నువ్వు జారకుండా నేను చెయ్యి అడ్డం పెడతా" అన్నాడు. అవ్వ దిగింది. తనే చేదుకుంది. విశ్వేశ్వరయ్య కిటికీలోంచి దోసిలి చాపి షంషుద్దీన్ కూజా నీళ్లు తాగాడు. అవ్వ ఆయన మెడ దగ్గర కనబడే జంధ్యం వైపు, కూజా వైపు మార్చి మార్చి చూసింది. వెనక సీటు పిల్లలు మాత్రం ఆ రోజు నుంచే దోసిళ్లు చాపారు.

కోపం రాకుండా పోలేదు. గేటు పడని ఒక రోజున జమ్మలమడుగు సంతలోనే ఒకణ్ణి తిట్టి, దిగిపోయి, "ఏమనుకోవద్దు మామా" అని వచ్చిన సందర్భం ఉంది. విశ్వేశ్వరయ్య కూడా పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో ఎవరిదో డబ్బీ అడిగి పీల్చాడు. ముక్కు చూసి షంషుద్దీన్ పట్టేశాడు. "ఒగ రోజు జారితే బస్సు లోయలో పడినట్లు కాదు. మళ్లా రోడ్డు మీదికి తెచ్చుకోవాల" అని తన పాఠమే తనకు డ్రైవరు నోట వినవలసి వచ్చింది ఆయనకు.

ఇంట్లో నిశ్శబ్దం మాత్రం అలాగే ఉంది. దాని గురించి అడిగితే విశ్వేశ్వరయ్య తన ట్రైనింగు విద్యార్థుల చేత చేయించి చూసిన సంగతి చెప్పాడు. రోజూ సాయంత్రం ఆనాడు కంటబడ్డ మంచి ఒకటి తలుచుకొని ఎదుటివాళ్లకు చెప్పమన్నాడట. కొన్నాళ్లకు వాళ్ల కళ్లు దారిలో అలాంటివే వెతకడం మొదలుపెట్టాయట. "నువ్వు ఇంటికి పోయి రోజూ ఏం చెప్తాండావు?"

"ఎవడెవడు ఏమన్నాడో చెప్తా. ఇప్పుడు అదీ లేదు."

"అయితే ఖాళీగా ఉంది గదా. ఒకటి చెప్పి చూడు."

ఆ సాయంత్రం షంషుద్దీన్ గుమ్మంలో కూర్చుని, పొయ్యి దగ్గర వీపు తిప్పి కూర్చున్న దిల్షాద్‌బీతో అన్నాడు. "ఈ పొద్దు ఒగ తాత ప్రొద్దుటూరులో కళ్లద్దాలు చేయించుకొని ఎక్కినాడు. దారి పొడుగునా రాళ్ల మీద రాసినవి, అంగళ్ల మీద రాసినవి గట్టిగా చదువుతానే ఉన్నాడు. ముద్దనూరు అని తన ఊరి పేరు తానే చదివి ఏడ్సినాడు."

దిల్షాద్‌బీ తిరిగి చూసింది. "ఏంది, జొరం తగిలిందా?" అంది.

అది చాలా రోజుల తర్వాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న. మరునాడు టాపు మీద ప్రయాణం చేసిన మేకపోతు కథ చెప్పాడు. గేటు దగ్గర దాన్ని దింపితే, దిగనంటూ మళ్లీ నిచ్చెన ఎక్కబోయిందట. ఆమె భుజాలు కదిలాయి. నవ్విందో లేదో అతనికి కనబడలేదు. ఆ తర్వాత, పుట్టింటికి మొదటిసారి పోతున్న కొత్త పెళ్లికూతురు నిద్రలో తూగి ముక్కూ ముఖం తెలియని కోమటి భుజం మీద వాలిపోతే, ఆయన జమ్మలమడుగు దాకా కదలకుండా బొమ్మలా కూర్చున్న సంగతి చెప్పినప్పుడు మాత్రం దిల్షాద్‌బీ పైకే నవ్వింది. నవ్వి, వెంటనే కొంగు కళ్లకు అద్దుకుంది.

"నా తమ్ముణ్ణి చూసి రాండి" అంది.

జిలానీ జమ్మలమడుగులో ఒక సైకిల్ అంగట్లో పనికి చేరాడు. షంషుద్దీన్ అంతకు ముందు ఆ అంగడి మీదుగా ఎన్నోసార్లు బస్సు నడిపాడు. ఒక్కసారీ తల తిప్పలేదు. ఆ రోజు బస్సు ఆగాక నడిచి వెళ్లాడు. జిలానీ ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. బావను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎన్నాళ్లు ఉంటావు రా ఈడ?" అంది షంషుద్దీన్ నోరు. అలవాటైన గొంతు. జిలానీ ముఖం ముడుచుకుపోయింది.

షంషుద్దీన్‌కు కింద గాలి పంపు కనిపించింది. వంగి దాన్ని తీసుకుని, అక్కడున్న చక్రానికి బిగించి కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టి కొట్టి చెమట కారుతుండగా, తల ఎత్తకుండా అన్నాడు. "తప్పు నాదిరా. నువ్వు ఏమీ చేయలేదు. ఆ ముసలామెను ఎక్కించి పోయినావు సూడు, అది నేను చేయాల్సింది."

"చాలు బావా, పగిలిపోతాది" అన్నాడు జిలానీ.

షంషుద్దీన్ పంపు కింద పెట్టాడు. జిలానీ చక్రం నొక్కి చూసి పక్కన పెట్టాడు. తర్వాత, "కండక్టరు పనికి మాత్రం రాను. పండక్కు వస్తా" అన్నాడు. అన్నట్టే వచ్చాడు. అక్క వండిన సేమ్యా తిన్నాడు. బస్సు సంగతి మాత్రం ఎత్తలేదు. కొన్ని పాతగాయాలు అలాగే ఉంటాయని షంషుద్దీన్‌కు అర్థమైంది. దాన్నీ తట్టుకోవడం నేర్చుకున్నాడు.

రెండు రాష్ట్రాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఏడు విశ్వేశ్వరయ్యకు దూరం బదిలీ అయింది. తెలంగాణలో వరంగల్ వైపు ఏదో ట్రైనింగు స్కూలు. వేదవతిని తీసుకుని ముద్దనూరులో రైలు ఎక్కాలి. ఆ పొద్దున షంషుద్దీన్ ట్రంకుపెట్టెలు తనే టాపు ఎక్కించి తాడు బిగించాడు. ముద్దనూరు చేరాక బస్సును రోడ్డు మీద నిలపకుండా స్టేషను దాకా తిప్పాడు.

"యాడికప్పా ఇట్ల? మాకు ఆలస్యమైతాది" అని వెనకనుంచి కేకలు వచ్చాయి.

"కానీండి. ఈ పొద్దు అందరమూ ఉందాం కాసేపు" అన్నాడు షంషుద్దీన్. పెట్టెలు దింపి ప్లాట్‌ఫారం మీదికి మోశాడు. రైలు వచ్చేదాకా కదలలేదు. అంతసేపూ బస్సు నిండా జనం ఎండలో కూర్చునే ఉన్నారు. కొంతమంది దిగి తామూ వచ్చి నిలబడ్డారు. వాళ్లలో చాలామందికి ఆ అయివారి పేరు తెలియదు. ముందు సీటులో ఆ ఇద్దరి మాటలు వింటూ ప్రయాణం చేసినవాళ్లే.

"ఈమధ్య పొడుం?" అని అడిగాడు షంషుద్దీన్ చివరికి.

విశ్వేశ్వరయ్య వేదవతి వైపు చూసి, గొంతు తగ్గించి, "ఈ బదిలీ కాగితం వచ్చినప్పటి నుంచి మళ్లా కొంచెం" అన్నాడు.

"అక్కడ పోయి మానండి. నేను లేనని అనుకోవద్దు."

రైలు కదిలింది. వేదవతి కిటికీలోంచి చెయ్యి ఊపింది. షంషుద్దీన్ తువ్వాలుతో ముఖం తుడుచుకుని బస్సు ఎక్కాడు. ఆ పొద్దు ఆలస్యానికి సాయంత్రం పులివెందులలో యజమాని నాలుగు కాదు, నలభై మాటలన్నాడు. షంషుద్దీన్ విని ఊరుకున్నాడు.

చాలా ఏళ్లు గడిచాయి. యజమాని బస్సులు ప్రొద్దుటూరు కంపెనీ వాళ్లకు అమ్మేశాడు. కొత్త బస్సులు వచ్చాయి, డీజిలు ఇంజన్లు, మెత్తటి సీట్లు, తొందరపడే కుర్ర డ్రైవర్లు. కంపెనీ వాళ్లు ఒక ఆదివారం ప్రొద్దుటూరులో డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి, ప్రయాణికులతో తగవులు ఎక్కువైపోయాయని, పెద్దవాడివి నాలుగు మాటలు చెప్పమని షంషుద్దీన్‌ను లేపారు. జుట్టు సగం నెరిసింది అప్పటికి. లేచి నిలబడి తువ్వాలు సర్దుకుంటున్నాడు.

"మామా, నీకు కోపమే రాదంట గదా" అని ఒక కుర్రవాడు అందించాడు.

"రాదని ఎవడు చెప్పినాడు రా నీకు?" అన్నాడు షంషుద్దీన్ విసురుగా. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "నన్ను ఈ దోవన పదిహేనేళ్లు ముందు చూసుంటే తెలిసేది. శానా ఊర్లలో ఇంకా చెప్పుకుంటాంటారు. అడగండి పోయి."

అంతకు మించి ప్రసంగం సాగలేదు. ఎవరో కొత్త బస్సుల బ్రేకుల సంగతి ఎత్తారు. మాటలు అటు మళ్లాయి. కంపెనీ వాళ్లు టీ పోయించారు. షంషుద్దీన్ టీ తాగి, జమ్మలమడుగులో కొత్తగా సొంత సైకిల్ అంగడి పెట్టిన జిలానీ చిన్నబిడ్డకు ప్రొద్దుటూరు బజారులో గిలక్కాయ ఒకటి కొని, పొద్దు వాలకముందే వాళ్లింటికి బయల్దేరాడు.